తోచిజావ చీటీలు

జింక పొట్ట కడిగే పనికి ముందు ముక్కు అలవాటుపడాలి, ఆ తర్వాత వేళ్లు, చిట్టచివరికి కళ్లు. తొమొయెకి ముక్కు మొదటి వారంలోనే లొంగింది. కళ్లకి నాలుగేళ్లు పట్టింది. ఇది పన్నెండో చలికాలం. ఫ్రీజర్లోంచి తీసిన సంచిని నీళ్లతొట్టిలో వేసి, కరిగాక జల్లెడలో పోసి, కుళాయి సన్నగా తిప్పి, పచ్చటి నీళ్లు తేటపడేదాకా కడుగుతుంది. మిగిలిన పీచుని గళ్లు గీసిన తెల్లపళ్లెంలో పరిచి, గీతలు కలిసిన చోటల్లా పట్టకారుతో ఒక ముక్క ఎత్తి చూస్తుంది. దేవదారు బెరడు. ఎండుటాకు. నాచు. మళ్లీ ఎండుటాకు. ఒక్కో పొట్టకి రెండొందల ముక్కలు. ఏ కొండమీద జింక ఏం తిని బతుకుతోందో తెలుసుకోవటానికి ఆ పరిశోధన కేంద్రంలో ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. జింకని అడిగితే చెప్పదు కదా.

ఆ సోమవారం పొద్దున ఆమె మూడో పొట్ట మీద ఉండగా ఇనాగాకి డాక్టరు గుమ్మం దగ్గర బూట్లు విప్పటం కూడా మరిచిపోయి లోపలికి వచ్చాడు. అడుగుల వెంట మంచు కరిగి నేలంతా మడుగులు కట్టింది. ఆ కుర్రాడు యూనివర్సిటీ నుంచి వచ్చి మూడేళ్లయింది. మంచివాడే. మాట మెత్తన, మనిషి మర్యాద. చిక్కంతా మంచివాళ్లతోనే వస్తుంది, గట్టిగా తిట్టటానికి వీలుండదు.

"కుసుమి గారూ, దొరికింది," అన్నాడు, ఎప్పట్లాగే తొమొయెని ఇంటిపేరుతో పిలుస్తూ.

బల్లమీద తడిలేని చోటు వెతికి మ్యాపు పరిచాడు. లోయలన్నీ బూడిదరంగులో ఉన్నాయి. ఒక్క లోయలో మాత్రం ఐదు ఎర్రచుక్కలు, పక్కపక్కనే.

"కాలేయాల్లో కామెర్ల వైరస్. పచ్చిగా తింటే మనిషికి అంటుకునే రకం. మొత్తం రెండొందల పది చూస్తే ఐదింట్లో ఉంది. ఐదూ ఆడజింకలే. ఐదూ నవంబరువే. ఐదూ తోచిజావ లోయవే. ఒకే లోయలో ఇలా ఐదు కనిపించటం నేను ఇంతవరకూ వినలేదు."

"తోచిజావా?" అంది తొమొయె.

"తోచిజావే. పట్టణంలో ఆరోగ్యశాఖకి ఇవాళే చెప్పాలి, నిబంధన అది. ఆధారం మీరు సరిచూసిన కాగితాలే." అతను నవ్వాడు. "వ్యాసం రాసేటప్పుడు మీ పేరు కూడా పెడతాను. ఈసారి చివర్లో కృతజ్ఞతల్లో కాదు. పైన, నా పేరు పక్కన."

తొమొయె చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. అన్నప్పుడు సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. 

అతను ఫోను చేసుకోవటానికి వెళ్లాక ఆమె చేతులు కడుక్కుని, సొరుగులోంచి తన చిన్న నోటుబుక్కు తీసింది. కేంద్రం రిజిస్టరు వేరు, ఈ పుస్తకం వేరు. ఇది ఆమె సొంతానికి పెన్సిల్తో రాసుకునేది. నవంబరు పద్నాలుగు. పద్దెనిమిది. పద్దెనిమిదినే ఇంకొకటి. ఇరవై ఒకటి. ఇరవై ఆరు. ఐదింటి పక్కనా ఆమె దస్తూరీలో ఒకటే మాట ఉంది. వెదురుగడ్డి ఎక్కువ.

తోచిజావలో వెదురుగడ్డి లేదు. ఎనిమిదేళ్ల కిందటే జింకలు మొదలంటా మేసేశాయి. ఏటా మే నెలలో ఆమే వెళ్లి ఆ లోయలో తాళ్లు కట్టి గడ్డి కొలుస్తుంది. ఏటా అన్ని గడుల్లోనూ సున్నా వేసి వస్తుంది. ఆ లోయ జింకలు ఎండుటాకులూ బెరడూ తిని డొక్కలు బయటపెట్టుకుని తిరుగుతాయి. వెదురుగడ్డి నడుములోతు ఉన్నది అవతలి ఇషికురా లోయలో. జింకని ఏ లోయలో కొట్టారో వేటగాళ్లు రాసిచ్చే చీటీల్లో, ఆ ఐదింటి మీదా లావు కలంతో 'తోచిజావ' అని రాసింది వాళ్ల పెద్ద తోకుజి తాత. ఆ చీటీలని చూసి రిజిస్టరులో ఎక్కించి, 'సరిచూడబడినది' అన్న గడిలో ఎర్ర సిరాతో తన పేరు ముద్ర గుద్దింది తొమొయె. నవంబరులో ఒకసారి గుద్దింది. జనవరిలో ఇనాగాకి పరీక్షకి పంపేముందు మళ్లీ అడిగితే మళ్లీ గుద్దింది.

సాయంత్రం అతని గది గుమ్మంలో నిలబడి చెప్పింది. "డాక్టర్ గారూ, ఆ ఐదింటి పొట్టల్లోనూ వెదురుగడ్డి ఉంది."

"అవునా. రిజిస్టరులో లేదే?"

"మొక్కల గడి రిజిస్టరులోంచి తీసేశారు కదా, పాత డైరెక్టరుగారు. ఏడాది చివర అన్నీ కలిపిన మొత్తమే రాస్తాం. విడివిడిగా నా పుస్తకంలో ఉంది."

ఇనాగాకి కుర్చీలో వెనక్కి వాలాడు. కొట్టిపారేసే మనిషి కాదు, ఆలోచించాడు. "జింకలు నడుస్తాయి కుసుమి గారూ. అక్కడ మేసి ఇక్కడ చచ్చి ఉండొచ్చు. జాడ తెలియటానికి మనం మెడపట్టీలు కట్టిన ముప్పైలో మూడు ఈ రెండు లోయల మధ్య గట్టు దాటలేదూ?"

ముప్పైలో మూడు దాటాయి. ఐదుకి ఐదూ దాటాయా అని అడగాలి. ఆ మూడూ మగజింకలే కదా అని అడగాలి. "తోకుజి తాత అబద్ధం రాశాడు" అన్న ఒక్క మాట నోట్లోంచి రావాలి. తొమొయె "అలాగేనండి" అని తలవంచి వచ్చేసింది.

*

మంగళవారం ఆరోగ్యశాఖ నుంచి ముకాయి అనే ఉద్యోగి వచ్చాడు. మాంసం నమూనాలు తియ్యటానికి తొమొయె కూడా అతని కార్లో తోచిజావ వెళ్లవలసి వచ్చింది.

జింకమాంసం కోసి అమ్మే యాయొయి షెడ్డు సరిగ్గా లోయ మొదట్లో, వాగు రోడ్డుని తాకే చోట ఉంటుంది. రేకులషెడ్డే. కానీ లోపల అద్దంలా ఉంచుతుంది. వాళ్లు వెళ్లేసరికి ఆమె వెనకకాలు ఒకటి బల్లమీద పెట్టుకుని ఎముక తీస్తోంది. కత్తిమొన ఎముక పక్కనే జారిపోతోంది తప్ప మాంసంలో ఎక్కడా దిగటం లేదు. ఆ చేతులు చూస్తూ కూర్చోవచ్చు, అంత శుభ్రమైన పని.

"ఏమే తొమొయే, ఇవాళ సర్కారు కార్లో దిగావు. పెద్దదానివైపోయావు," అంది యాయొయి తలెత్తకుండానే.

తొమొయె "అక్కా" అని మాత్రం అనగలిగింది.

ముకాయి ఉత్తరువు బయటకి తీసి, గొంతు సవరించుకుని, నిలబడి చదవటం మొదలుపెట్టాడు. పాపం ఆయనకీ ఇబ్బందిగానే ఉంది. తోచిజావ లోయలో పట్టిన జింక మాంసం అమ్మకూడదు, కొనకూడదు, ఎవరికీ ఊరికే కూడా ఇవ్వకూడదు. ఫ్రీజర్లలో ఉన్నది శుక్రవారంలోగా పూడ్చిపెట్టాలి. గురువారం మధ్యాహ్నం టౌన్ హాల్లో వివరణ సభ.

"ముకాయి గారూ," అంది యాయొయి, "టీ తాగి చదవండి, లేదా చదివి తాగండి. రెండూ కలిపితే పొలమారుతుంది."

ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"నేనొకటి అడుగుతాను," అని ఆమె కత్తి తుడిచి పక్కన పెట్టింది. "నావి ముప్పై జింకల నమూనాలిచ్చాను మీకు. కింద బీడు మళ్ల దగ్గర బోన్లో పడ్డవి. ఒక్కదాంట్లో ఉందా?"

"లేదండి."

"మరి ఆ ఐదూ ఎవరివి?"

"తుపాకీతో వేటాడినవండి. లోయ లోపల."

"లోపలా?" యాయొయి నవ్వింది. "అయ్యా, లోపలికి పోయే దారి ఇదొక్కటే. లోపల జింకని కొట్టినవాడు దాన్ని ఈడ్చుకుంటూ నా వాకిట్లోంచే రావాలి. నవంబరంతా నేనిక్కడే ఉన్నాను. తుపాకీ చప్పుడు లేదు, కుక్క మొరుగు లేదు. ఐదు జింకలు రెక్కలు కట్టుకుని నా నెత్తిమీంచి ఎగిరిపోయాయా?"

"మీరు చెప్పింది రాసుకుంటానండి. కానీ సంబంధం ఉన్నవాళ్ల మాట..."

"చెల్లదు. తెలుసు."

ముకాయి ఫ్రీజర్లకి సీలు అంటించటానికి వెనక్కి వెళ్లాడు. యాయొయి తొమొయె దగ్గరగా వచ్చింది. ఇందాకటి వేళాకోళం మొహంలో లేదు.

"నా దగ్గర కొనే నగోయా హోటలు వాళ్లు పొద్దున ఫోను చేశారు. ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావు. తోచిజావ అన్న పేరు ఇంక పలకనే లేదు. అంత మర్యాద వచ్చిందంటే ఇంక రారు. ఈ లోయలో వరి లేదు, మనుషుల్లేరు, ఆఖరికి గడ్డి కూడా లేదు. ఉన్నది జింకలొక్కటే. వాటిని కోసి పంచితే ఇక్కడ ఇంకొకళ్లిద్దరు ఉంటారనుకున్నాను. నువ్వు మ్యాపులు గీసేదానివి కదే, ఇదెలా వచ్చిందో నాకు చెప్పు."

తొమొయె కాలేయం ముక్కలు సీసాలో వేస్తోంది. మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది. "కనుక్కుంటానక్కా" అంది. 

*

బుధవారం సెలవు పెట్టి తోకుజి తాత ఇంటికి నడిచి వెళ్లింది. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉంది. పొట్ట కోసి చూడటం ఆమెకి నేర్పింది యూనివర్సిటీ కాదు, ఈ ముసలాయన. మొదటి చలికాలం మంచులో మోకాళ్లమీద కూర్చోబెట్టి, "ఇది బెరడు, ఇది ఫెర్ను, నిలువు గీతలు నిచ్చెనలా కనిపిస్తే వెదురుగడ్డి, వాసన చూడు" అని ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టి చూపించాడు. అలాంటి మనిషిని పట్టుకుని, నువ్వు అబద్ధాలకోరువని ఏ మొహం పెట్టుకుని అనాలి?

ఆయన వసారాలో కూర్చుని కత్తి నూరుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. తొమ్మిదిమంది వేటగాళ్ల జట్టుకి పెద్ద. ఆ తొమ్మిదిమందిలో అందరికంటే చిన్నవాడికి అరవై నాలుగు.

"రా అమ్మాయ్. కాళ్లు పొయ్యి దగ్గర పెట్టుకో. ముల్లంగి ఊరగాయ తింటావా, కొత్తది."

"తాతా, నవంబరులో ఆ ఐదూ ఇషికురావి కదూ?"

ఇంత సేపూ అనుకున్న మర్యాదమాటలన్నీ ఎటుపోయాయో, మాట అలాగే ఊడిపడింది. సానరాయి మీద కత్తి ఆగలేదు. ముందుకి, వెనక్కి, ముందుకి.

"అవును," అన్నాడాయన.

"మరి తోచిజావ అని రాశావేం?"

"కొండ పేరు బయట చెప్పం అమ్మాయ్. మా నాన్న చెప్పలేదు, మా తాత చెప్పలేదు. చెబితే మరుసటేడు ఊరుకానివాళ్లు ట్రక్కుల్లో కుక్కల్నేసుకుని దిగుతారు. ఎక్కడికి పోతున్నారంటే అటు చూపించి ఇటు పోతాం. పెళ్లానికి కూడా నిజం చెప్పం. మీ కేంద్రంవాళ్లు చీటీలిచ్చి కొండ పేరు రాయమన్నారు. రాశాం. ఇన్నేళ్లుగా అలాగే రాస్తున్నాం."

"ఇన్నేళ్లుగానా?"

"మరి?" ఆయన కత్తి మీద నీళ్లు చిలకరించాడు. "కాలేయం నిజందే ఇచ్చాను. దవడ నిజందే ఇచ్చాను. పిండం ఉంటే అదీ తీసి ఇచ్చాను. పళ్లు కోసి వయసు చూస్తారు, రోగం చూస్తారు, బాగానే ఉంది. కొండ పేరుతో మీకేం పని అనుకున్నాం. ఫారం అన్నాక ఏదో ఒకటి నింపాలి కదా."

తొమొయె మ్యాపులు ఆమె కళ్లముందు ఒక్కొక్కటే కనబడ్డాయి. ఎక్కడ ఎన్ని పుట్టాయి, ఎక్కడ ఎన్ని చచ్చాయి, ఏ లోయలో పెరుగుతున్నాయి, ఏ లోయలో తగ్గుతున్నాయి. పన్నెండు మ్యాపులు. వాటిలో ఎన్ని చుక్కలు ఎవరి దాపరికమో. తల కొట్టేసినట్టయింది.

"తోచిజావే ఎందుకు రాశావు తాతా?"

"అక్కడేం లేదు కాబట్టి. ఎవడైనా చదివి ఆశపడి వెళ్లినా ఉత్త చేతులతో వస్తాడు. ఎవరికీ నష్టం లేదనుకున్నా."

"యాయొయి అక్క ఉంది."

కత్తి ఆగింది. తోకుజి తాత దాని అంచు వేలిగోరు మీద ఆనించి పదును చూశాడు, మళ్లీ చూశాడు.

"అది తట్టలేదు," అన్నాడు చివరికి.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.  ఆయనే మళ్లీ అన్నాడు, "ఇషికురా అని చెప్పాననుకో, అది మూసేస్తారు. అదే మాకున్న ఆఖరి నేల. జట్టు లేచిపోతుంది. ఇంకో మూడేళ్లు తిరిగితే మా కాళ్లే మూతపడతాయి, అప్పటిదాకా..."

"ఆ కాలేయం మీరింకా పచ్చిగానే తింటున్నారా?"

"మొదటి ముక్క పచ్చిగానే తింటాం. అది కొండకిచ్చే మర్యాద."

"మానెయ్యండి. నిజంగా చెబుతున్నాను. రోగం ఉన్నది మీ కొండలోనే."

ఆయన తలూపాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో, అదే కష్టమైంది.

"అమ్మాయ్, ఆ పొట్టలు విప్పింది నువ్వే కదా?"

"నేనే."

"నీకు చూపించింది నేను. విప్పినరోజే నీకు తెలిసి ఉండాలి."

తొమొయె ఊరగాయ పళ్లెం వైపు చూస్తూ, "తెలిసింది," అంది.

"మరి?"

"నీ దస్తూరీ చూసి ఊరుకున్నాను."

తోకుజి తాత కత్తి ఒరలో పెట్టి లేచాడు. నడుం పట్టేసినట్టుంది, గోడ పట్టుకున్నాడు. "మర్యాదకి పోయి పాడుచేశాం ఇద్దరం," అన్నాడు. "పోనీలే. ఇంటికి పో, మంచు పడేట్టుంది."

*

గురువారం సభకి టౌన్ హాల్లో నలభైమంది వచ్చారు. కిరోసిన్ స్టవ్వులు రెండు పెట్టినా ఎవరూ కోట్లు విప్పలేదు. ముందు వరసలో ఒక్కతే యాయొయి కూర్చుంది. ఆ పక్క కుర్చీలు ఎవరూ తీసుకోలేదు, ఎవరి అనుమానం వాళ్లది. వెనక గోడవారగా వేటగాళ్లు ఉన్నారు. వేదిక పక్కన కేంద్రం తరఫున ఇనాగాకీ, అతని పక్కన తొమొయె.

ఇనాగాకి తెరమీద మ్యాపు చూపించాడు. ఐదు ఎర్రచుక్కలు గోడంత పెద్దగా కనిపించాయి. తర్వాత చీటీలు చూపించాడు, ఆ తర్వాత రిజిస్టరు పేజీ. ఎర్రముద్ర తెరమీద పళ్లెమంత ఉంది. కుసుమి. కుసుమి. కుసుమి. తొమొయె తన మోకాళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"ఏవైనా ప్రశ్నలుంటే అడగండి," అన్నాడు ముకాయి.

వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. తోకుజి తాత లేచాడు. నల్లకోటు వేసుకున్నాడు, చావుకి వెళ్లేటప్పుడు వేసుకునేది. జుట్టు తడిపి దువ్వుకున్నాడు.

"ప్రశ్న కాదు," అన్నాడు. "ఆ ఐదూ నేను కొట్టినవి. ఇషికురాలో కొట్టాను. చీటీ మీద అబద్ధం రాశాను. యాయొయి లోయలో రోగం లేదు. ఆ అమ్మాయికి నేను క్షమాపణ చెప్పుకోవాలి."

నడుం వంచాడు. అంత ముసలాయన అంత కిందికి వంగితే చూడలేకపోయారు జనం. యాయొయి కుర్చీలో వెనక్కి తిరిగి నోరు తెరుచుకుని చూస్తోంది. గోడవారగా ఉన్న వేటగాళ్లలో ఒకడు "అయ్యో, ఎందుకు చెప్పావన్నా" అన్నాడు, అందరికీ వినబడేట్టే.

ఇనాగాకి లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు. "తోకుజి గారూ, ఆ ఐదేనా? మిగిలినవి..."

"ఏదీ కాదు బాబూ. మేం రాసిన ఏ చీటీ మీదా కొండ పేరు నిజం కాదు. మొదట్నించీ అంతే."

"మా కేంద్రంలో ఎవరికైనా ఈ సంగతి..."

"ఎవరికీ తెలీదు," అన్నాడు ముసలాయన వెంటనే. "మీ పక్కనున్న అమ్మాయికి తెలిసే దారే లేదు. చీటీలో ఉన్నది ఎక్కించింది, అంతే. తప్పు నాది."

అప్పుడు లేవాలి తొమొయె. లేవటానికి అరక్షణం చాలు. నోటుబుక్కు సంచిలోనే ఉంది, వేళ్లకి తగులుతోంది. ఇనాగాకి ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, ఓదార్పు ఉంది. మీరూ మోసపోయారు కదా అన్నట్టు. ఆ ఓదార్పు ఎంత వెచ్చగా ఉందో చెప్పలేం. ఆమె కూర్చునే ఉంది.

అధికారులు పక్కగదిలోకి వెళ్లి పావుగంట మాట్లాడుకుని వచ్చారు. ముకాయి నిలబడి, ఈసారి కాగితం లేకుండా చెప్పాడు. ఏ చీటీ నిజమో తెలియనప్పుడు ఏ లోయ మంచిదో కూడా తెలియదు. కాబట్టి తోచిజావ ఒక్కటే కాదు, ఇషికురా ఒక్కటే కాదు, పట్టణం పరిధిలో అన్ని లోయల జింక మాంసమూ ఆపేస్తున్నారు. కొత్తగా నమూనాలు తీసి తేల్చేదాకా. తేలేసరికి వచ్చే ఏడాది చలికాలం అవుతుంది. ఫ్రీజర్లలో ఉన్నది ముందు చెప్పినట్టే పూడ్చాలి.

యాయొయి చెయ్యెత్తింది. "నావి ముప్పై ఉన్నాయి కదండీ. బోన్లో పడ్డవి. నేను రాసిన చీటీలవి."

"అవీ ఆ రిజిస్టరులోనే ఉన్నాయండి," అన్నాడు ముకాయి. నిజంగానే బాధపడ్డాడు. "రిజిస్టరే చెల్లదు కదా."

వేటగాళ్లు తోకుజి తాత వైపు చూడకుండా ఒకరి వెనక ఒకరు బయటికి పోయారు. ఆయన కాసేపు నిలబడి, కుర్చీ ఎక్కడ ఉన్నదో అక్కడే సర్ది పెట్టి, ఒక్కడే మెట్లు దిగాడు. తొమొయె వెనకాలే పరిగెత్తింది. ఆయన ఆగలేదు. "నీ ఉద్యోగం నువ్వు చూసుకో అమ్మాయ్" అని మాత్రం అన్నాడు, ముందుకే చూస్తూ.

*

శుక్రవారం పొద్దున మంచు ఆగింది. పూడ్చే చోటు ఊరి చివర దేవదారు తోపు పక్కన. చిన్న పొక్లెయిను గొయ్యి తవ్వి, ఓ పక్కకి జరిగి నిలబడింది. యాయొయి తన ట్రక్కు వెనక్కి పెట్టి తలుపు దించింది. పెట్టెలు పద్దెనిమిది. ఒక్కో పెట్టెలో చదును చేసి సీలు వేసిన పొట్లాలు, ప్రతి పొట్లం మీదా ఆమె చేతిరాతతో తేదీ, జింక ఆడదో మగదో, ఏ కండో. పూడ్చే పొట్లాల మీద కూడా రాత చెరిగిపోకుండా టేపు వేసి ఉంది.

తొమొయె ఎవరూ పిలవకుండానే వచ్చింది. చేతితొడుగులు వేసుకుని పెట్టె రెండోకొస పట్టుకుంది. ముకాయి గొయ్యి దగ్గర నిలబడి లెక్క చూసుకుంటున్నాడు. ఇద్దరూ మూడు పెట్టెలు మోశారు. గట్టుమీద పెట్టె వంచితే పొట్లాలు ఒకదానిమీదొకటి జారి కింద ఠక్కుఠక్కున పడుతున్నాయి, గడ్డకట్టిన మాంసం కదా.

నాలుగో పెట్టెకి యాయొయి ఆగి నడుం పట్టుకుంది. "తొమొయే, నీకొక మాట చెప్పాలే. నిన్న నీతో మాట్లాడటానికి కుదర్లేదు. ఆ ముసలాయన నోరు విప్పించింది నువ్వేనట కదా. బుధవారం మంచులో నడిచి వెళ్లావట. ఆయనే పొద్దున వచ్చి చెప్పాడు, మెట్లమీద కూర్చుని, లోపలికి రమ్మన్నా రాలేదు." ఆమె మొహం తుడుచుకుంది. "షెడ్డు ఎలాగూ పోయింది. వచ్చే చలికాలం దాకా నేను ఆగలేను, మా అన్నయ్య ఊళ్లో క్యాంటీన్ పని ఉందన్నారు, పోతాను. కానీ లోయకి చెడ్డపేరు రాకుండా ఆపావు. ఇంతమందిలో నా వైపు నిలబడింది నువ్వొక్కతివే. ఈ మాట చచ్చేదాకా మరిచిపోను."

ఆ మాట తీసుకుని ఇంటికి పోవచ్చు. ముసలాయన అడ్డం నిలబడ్డాడు, డాక్టరు నమ్మాడు, ఇప్పుడు ఈవిడ దణ్ణం పెట్టినంత పని చేస్తోంది. అడిగేవాళ్లు ఎవరూ లేరు. తొమొయె పెట్టె కొస మీద చేతులు పెట్టింది, ఎత్తలేకపోయింది.

"అక్కా, నాకు నవంబరులోనే తెలుసు."

"ఏమిటి?"

"పొట్టల్లో వెదురుగడ్డి చూశాను. అవి ఇషికురావని అప్పుడే తెలుసు. పుస్తకంలో రాసుకున్నాను. రిజిస్టరులో మాత్రం చీటీలో ఉన్నదే ఎక్కించి ముద్ర వేశాను. జనవరిలో మళ్లీ అడిగితే మళ్లీ వేశాను."

యాయొయి ఆమె వైపు చూసింది. కోపం ఇంకా రాలేదు, అర్థం చేసుకుంటోంది. వేళ్లమీద నెలలు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి.

"నవంబరులో నువ్వెళ్లి ఆ తాతని అడిగుంటే," అంది మెల్లగా, "ఆయన నీకు చెప్పి ఉండేవాడు. నీకైతే చెప్పేవాడు. నాలుగు గోడల మధ్య చీటీలు తిరగరాసుకునేవాళ్లు. అవునా?"

"అవునక్కా."

"డిసెంబరులో మా ఇంటికి భోజనానికి వచ్చావు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు."

"అవును."

"అప్పుడూ తెలుసు."

తొమొయె తలూపింది. ముకాయి గొయ్యి దగ్గర్నుంచి, "ఏమైనా ఇబ్బందా అండీ?" అని కేకేశాడు. యాయొయి లేదన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత, ముసలివాళ్లని ఏదైనా అడిగేటప్పుడు ఎంత నిదానంగా అడుగుతామో అంత నిదానంగా అడిగింది.

"డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని నలభైమంది ముందు లేపి నిలబెట్టావు. మరి నువ్వెందుకు కూర్చున్నావే?"

  ట్రక్కులో పెట్టెలింకా పదిహేను ఉన్నాయి. తొమొయె వంగి తన కొస పట్టుకోబోయింది. యాయొయి పెట్టెని తన వైపుకి లాక్కుని, రొమ్ముకి ఆనించుకుని, ఒక్కతే ఎత్తుకుని గొయ్యి వైపు నడిచింది.